సాక్షి సంతకము: నల్లజాతి స్త్రీల ఆత్మకథలలో కర్తృత్వ విచారణ

కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ స్వీయచరిత్రమును ప్రకటించినపుడు అందలి విషయములతో విభేదించినవారు ఉండిరి; ఆ గ్రంథమును తామే వ్రాసితిరా యని అడిగినవారు లేరు. విద్యావంతుడును, అగ్రవర్ణస్థుడును, లోకవిదితుడును అయిన పురుషుడు తన కథ తాను చెప్పుకొన్నపుడు అతని పేరే అతనికి ప్రమాణమగును. వేరొకరి సంతకముతో పని లేదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని నల్లజాతి స్త్రీల ఆత్మకథలను విప్పిన వెంటనే మనకు కనబడు భేదమిది. అందు రచయిత్రి మాట వినబడుటకు ముందు ఆమె నమ్మదగినదని వేరొకరు చెప్పుచుందురు.

ఈ గ్రంథములను కష్టములకోర్చి పైకి వచ్చిన స్త్రీల విజయగాథలుగా పరిచయము చేయుట మన పత్రికలలో పరిపాటి యైనది. ఇది అసత్యము కాదు గాని అసమగ్రము. ఉద్యోగము, విద్య, కీర్తి యనునవి ఈ రచయిత్రులు సాధించిన విజయములలో తరువాతివి. తమ మాటను తమదిగా నమ్మింపగలుగుట వానిలో మొదటిది. చెప్పదలచుకొననిదానిని చెప్పకుండ నిలుపుకొనుట అంతకంటె సూక్ష్మమైనది. ఈ రెంటిని హారియెట్ జేకబ్స్ గ్రంథమునందు ప్రధానముగను, పౌలీ మర్రే గ్రంథమునందు కొంతవరకును పరిశీలించి, భారతీయ భాషలలో ఇట్టి రచనలను సంపాదించువారికిని అనువదించువారికిని వీనివలన కలుగు ప్రయోజనమేమో సూచించుట ఈ వ్యాసోద్దేశము.

హారియెట్ జేకబ్స్ 1813లో ఉత్తర కరోలినా రాష్ట్రమున ఈడెన్‌టన్ అను చిన్న రేవుపట్టణమున బానిసగా జన్మించెను. తొలి యజమానురాలు ఆమెకు చదువును, కుట్టుపనియు నేర్పినది. 1825లో ఆ యజమానురాలు మరణించినపుడు మరణశాసనమును బట్టి పన్నెండేండ్ల హారియెట్ మూడేండ్ల పసిబిడ్డ యొక్క సొత్తైనది. ఆ బిడ్డ తండ్రియైన జేమ్స్ నార్కమ్ అను వైద్యుడే వాస్తవమునకు యజమాని. హారియెట్‌కు యౌవనము వచ్చినది మొదలు ఆతడు పెట్టిన లైంగికపీడనమే ఈ గ్రంథమునకు మూలము.

ఆ పీడనమునకు శాసనము తోడు నిలిచిన విధమును గ్రహింపనిచో గ్రంథము సగమే అర్థమగును. బిడ్డ యొక్క స్థితి తల్లి స్థితినే అనుసరించునని వర్జీనియా 1662లోనే శాసించినది. తక్కిన బానిసరాష్ట్రములు ఆ సూత్రమునే పాటించినవి. తండ్రి ఎంతటి ఘనుడైనను బానిసస్త్రీకి పుట్టిన బిడ్డ బానిసయే. కావున యజమాని దౌష్ట్యము అతనికి అపకీర్తి తెచ్చుటకు మారుగా ఆస్తిని పెంచుచుండెను. వర్ణము, లింగము అను రెండు బంధములు వేర్వేరుగా కాక ఒకే ముడిగా ఆమెను బంధించినవి. ఈ ముడిని విప్పుటకు ఆమె ఎన్నుకొన్న ఉపాయము ఆనాటి పాఠకురాండ్రు సహింపలేనిది. నార్కమ్‌ను తప్పించుకొనుటకై ఆమె శామ్యూల్ ట్రెడ్‌వెల్ సాయర్ అను మరియొక తెల్లజాతి యువకుని సాన్నిహిత్యమును తానుగా అంగీకరించినది. అతనివలన ఆమెకు ఇరువురు బిడ్డలు కలిగిరి. తరువాత కాంగ్రెసు సభ్యుడైన ఆ సాయర్, బిడ్డలను కొన్నాడే గాని ఇచ్చిన మాట ప్రకారము విముక్తులను చేయలేదు.

1835లో ఆమె పారిపోయెను. దూరము మాత్రము పోలేదు. స్వతంత్రురాలైన తన అమ్మమ్మ యింటికి చేరిన కొట్టుగది పైకప్పు క్రింద, తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, అత్యధికముగా మూడడుగుల ఎత్తు గల చీకటి అటుకమీద రమారమి ఏడు సంవత్సరములు దాగి, 1842లో ఉత్తరరాష్ట్రములకు తప్పించుకొనెను. కొయ్యగోడకు తొలిచిన చిన్న రంధ్రమునుండి క్రింద ఆడుకొను తన బిడ్డలను చూచుచుండెడిది. తల్లి అచటనున్న సంగతి తొలుత వారికి తెలియదు.

విమర్శకులు ఈ అటుకను గూర్చి విస్తారముగా వ్రాసిరి. నా దృష్టిలో గ్రంథమునకు జీవస్థానమైనది అంతగా ప్రసిద్ధి లేని వేరొక ఘట్టము. దాగియున్న ఆమె తాను ఉత్తరదేశమున నున్నట్లు యజమానిని నమ్మింపదలచి, ఒక న్యూయార్కు వార్తాపత్రిక ముక్కనుండి వీథుల పేర్లు గ్రహించి, జాబులు వ్రాసి, నమ్మకస్థుల చేత వానిని ఉత్తరపు తపాలాలో వేయించినది. ఒక జాబు యజమానికి, ఒకటి అమ్మమ్మకు. యజమాని అమ్మమ్మ జాబును కూడ చేజిక్కించుకొని, దానిని తొలగించి, హారియెట్ పశ్చాత్తాపపడి తిరిగి రాగోరుచున్నట్లు తానే వేరొకటి కల్పించి, దానినే ఆమె జాబుగా ముసలమ్మకు చదివి వినిపించెను. జాబు వ్రాసినయామె దాగియుండి ఆ పఠనమంతయు వినుచునే యున్నది! తన పేరు క్రింద ఇతరుడు కల్పించిన మాటలను తన చెవులతో వినవలసివచ్చిన రచయిత్రి ఈమె. తరువాతి కాలమున తన గ్రంథముపై తన హక్కును గూర్చి ఆమె చూపిన పట్టుదలకు బీజమిచటనే యున్నదని నా యభిప్రాయము.

న్యూయార్కు రాష్ట్రమున ఎన్.పి. విల్లిస్ అను ప్రసిద్ధ రచయిత యింట ఆమె బిడ్డలను పెంచు పరిచారికగా కుదిరినది. 1852లో విల్లిస్ భార్య కోర్నీలియా మూడు వందల డాలర్లు చెల్లించి ఆమెకు స్వేచ్ఛ సంపాదించినది. ఆ ఉపకారమునకు హారియెట్ కృతజ్ఞురాలయ్యెను గాని, స్వేచ్ఛానగరమనబడు న్యూయార్కున తాను క్రయవస్తువగుటకు ఆమె మనస్సు మండినది. గ్రంథమున ఈ రెండు భావములును పక్కపక్కనే యున్నవి. ఒకదానికొరకు రెండవదానిని ఆమె కప్పిపుచ్చలేదు.

తన కథను ప్రకటింపవలెనని ప్రోత్సహించినది రాచెస్టర్ నగరవాసియైన ఏమీ పోస్ట్ అను సంస్కర్త్రి. మొదట హారియెట్, ‘అంకుల్ టామ్స్ కేబిన్’ రచయిత్రియగు హారియెట్ బీచర్ స్టోవ్ సహాయము కోరినది. స్టోవ్ ఆ కథ నిజమో కాదో చెప్పుమని, రహస్యముగా తెలుపబడిన విషయమును విల్లిస్ భార్యకే వ్రాసి పంపినది. నిజమైనచో తన గ్రంథములో చేర్చుకొందుననియు తెలిపినది. తాను యజమానురాలికి సైతము చెప్పుకొనని జీవితరహస్యము ఈ విధముగా బయటపడుట హారియెట్‌కు అవమానమైనది. తన కథ ఇతరుల గ్రంథమునకు ముడిసరుకు కారాదని ఆమె నిశ్చయించుకొని, 1853లో ‘న్యూయార్కు ట్రిబ్యూన్’ పత్రికకు పారిపోయిన బానిసయను సంతకముతో లేఖలు వ్రాసి, వానితో రచనాభ్యాసము చేసినది. పిమ్మట కొన్ని సంవత్సరములు, పగలు పరుల బిడ్డలను సాకుచు, రాత్రివేళల, బానిసత్వమునెడ సానుభూతి గలవాడని తాను తలచిన విల్లిస్‌కు తెలియకుండ ఈ గ్రంథమును వ్రాసెను.

ప్రకటన ప్రయత్నముల చరిత్ర వేరొక పీడనకథ. ఒక ప్రకాశకుడు స్టోవ్ గాని విల్లిస్ గాని పీఠిక వ్రాసిననే అచ్చువేయుదుననెను. మరియొక సంస్థ లిడియా మరియా చైల్డ్ పీఠిక కోరినది. చైల్డ్ పీఠిక వ్రాయుటయే కాక సంపాదకత్వమును వహించెను; క్రూరకృత్యములను ఒక అధ్యాయమున చేర్చుమనియు, బానిసవిముక్తికై సాయుధుడైన జాన్ బ్రౌన్‌ను గూర్చిన చివరి అధ్యాయమును తొలగించి అమ్మమ్మ మరణముతో ముగింపుమనియు సూచించెను. గ్రంథము అట్లే ముగిసినది. ఆ రాజకీయాధ్యాయము మనకు దక్కలేదు. ఇంతలో ప్రకాశకసంస్థ దివాలా తీయగా, హారియెట్ అచ్చుపలకలను తానే కొని, 1861లో బోస్టను నగరమున ‘ఒక బానిసబాలిక జీవితములోని సంఘటనలు’ అను పేర వెలువరించెను. ముఖపత్రముపై, స్వయముగా వ్రాసినదను మాటయు, సంపాదకురాలిగా చైల్డ్ పేరును కలవు. రచయిత్రి పేరు లేదు. గ్రంథములోని కథానాయిక లిండా బ్రెంట్. నార్కమ్ డాక్టర్ ఫ్లింట్. సాయర్ మిస్టర్ సాండ్స్. చివర ఏమీ పోస్ట్, జార్జి లోథర్ అను ఇరువురి ధ్రువీకరణములు చేర్చబడినవి. ముందు ఒకరు, వెనుక ఇరువురు నిలిచి, నడుమ నున్న స్త్రీ సత్యవాదినియని చెప్పుచున్నారన్నమాట.

ఇంతమంది సాక్ష్యమిచ్చినను ప్రయోజనము స్వల్పమే. ఇరువదవ శతాబ్దిలో ఈ గ్రంథమును చైల్డ్ వ్రాసిన నవలగా భావించినవారు పెక్కురు. బానిససమాజచరిత్రమును గూర్చి 1972లో ప్రామాణికగ్రంథము వెలువరించిన జాన్ బ్లాసింగేమ్ సైతము దీనిని విశ్వసనీయము కాదని త్రోసిపుచ్చెను. కథ మిక్కిలి నాటకీయముగా, మిక్కిలి క్రమబద్ధముగా నున్నదని ఆతని యాక్షేపణ. బానిసస్త్రీ చక్కగా వ్రాసినచో అది ఆమె వ్రాసినది కాదనుట! పండితులలో ఈ తర్కము ఇప్పటికిని పూర్తిగా సమసిపోలేదు.

జీన్ ఫేగన్ యెల్లిన్ అను విదుషి రాచెస్టరు విశ్వవిద్యాలయమున నున్న ఏమీ పోస్ట్ పత్రములలో హారియెట్ స్వహస్తలేఖలను పరిశీలించి, 1981లో ఒక వ్యాసమున కర్తృత్వమును నిరూపించిరి. 1987లో వారి పరిష్కృతముద్రణము వెలువడినది. లిండా, ఫ్లింట్, సాండ్స్ అను పేర్ల వెనుక నున్న వాస్తవవ్యక్తులు మరణశాసనములు, జనాభాలెక్కలు, వార్తాపత్రికలనుండి బయల్పడిరి. గ్రంథమున ఫ్లింట్ ప్రకటించిన బహుమానము 300 డాలర్లు. నార్కమ్ 1835లో వాస్తవముగా ప్రకటించినది 100 డాలర్లు. అంకె మారినది గాని రెండు ప్రకటనలలోను ఆమె వయస్సు 21 సంవత్సరములే. నార్కమ్ తన ప్రకటనలో, ఈమె ధారాళముగా మాటలాడునదనియు, మంచి కుట్టుపనిమనిషి గనుక చక్కని దుస్తులు ధరించు అలవాటు గలదనియు వర్ణించెను. ఆమె వాక్చాతుర్యమునకు మొట్టమొదటి లిఖితసాక్షి ఆమెను పట్టితెమ్మన్న యజమానియే.

ఇచట ఆమె తమ్ముని ప్రసక్తి ఆవశ్యకము. జాన్ జేకబ్స్ కూడ తప్పించుకొని, నావికుడై ఆస్ట్రేలియా చేరి, 1855లో సిడ్నీ నగరపు ‘ఎంపైర్’ పత్రికలో తన కథను ప్రకటించెను. అమెరికా రాజ్యాంగమును, బానిసయజమానులను అందతడు నిర్దాక్షిణ్యముగా నిందించెను. జోనథన్ ష్రోడర్ అను పరిశోధకుడు దానిని వెలికితీసి 2024లో పునర్ముద్రించిరి. ఒకే యింటి బిడ్డలు, ఒకే బానిసత్వము; తమ్ముడు పరదేశపత్రికలో పొరుగు పెద్దల పీఠిక లేకయే నిప్పులు కురిసెను, అక్క స్వదేశమున పాఠకురాలి చెవిని మెల్లగా తన వైపు త్రిప్పుకొనవలసివచ్చెను. జాన్ చెప్పవలసినది బానిసత్వమును గూర్చి. హారియెట్ దానితోపాటు తన శరీరమును గూర్చి చెప్పవలెను. ఆ రెండవది చెప్పునపుడు పందొమ్మిదవ శతాబ్ది స్త్రీకి సిగ్గు ఒక శాసనము. ఆమె ఆ శాసనమునకు లొంగినట్లు కనబడుచునే, బానిసస్త్రీ శీలమును ఇతరస్త్రీల కొలమానముతో కొలువరాదను వాదమును ఒక వాక్యమున నిలిపినది. ఆ వాక్యముకొరకే ఆ మెత్తదనమంతయు అని చెప్పవచ్చును.

ఉత్తర కరోలినాలోనే మరియొక హారియెట్ ఉండెను. ఆమె ఏమియు వ్రాయలేదు. యజమాని కుమారుని బలాత్కారమువలన ఆమెకు కోర్నీలియా అను కుమార్తె కలిగెను. ఆ కోర్నీలియా మనుమరాలే పౌలీ మర్రే (1910–1985). ముత్తవ్వ చెప్పుకొనలేని కథను 1956లో ‘ప్రౌడ్ షూస్’ అను వంశచరిత్రమున మర్రే వ్రాసినది. ఆమె ఆత్మకథ ‘సాంగ్ ఇన్ ఎ వియరీ థ్రోట్’ మరణానంతరము 1987లో, అనగా యెల్లిన్ జేకబ్స్ ముద్రణము వెలువడిన యేటనే, ప్రకటితమైనది.

వర్ణమును, లింగమును ఒకే జీవితమున రెండు తలుపులుగా చూపుటలో ఈ గ్రంథమునకు సాటి యరుదు. 1938లో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయము ఆమె జాతివారిని చేర్చుకొనమని త్రిప్పిపంపినది. ఆ విశ్వవిద్యాలయమునకు భూములు దానమిచ్చినది ఆమె ముత్తవ్వను బానిసగా నేలిన కుటుంబమే. 1944లో హోవార్డు విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్రతరగతిలో ఆమె ప్రథమురాలు. ప్రథములైనవారు హార్వర్డుకు పోవుట ఆనవాయితీ. ఈ పర్యాయము హార్వర్డు స్త్రీయని త్రిప్పిపంపినది. హార్వర్డు న్యాయకళాశాల స్త్రీలకు తలుపు తెరచినది 1950లో. నల్లజాతివారే నడుపు హోవార్డులోను తరగతిలో ఆమె యొక్కతెయే స్త్రీ. తొలినాడే అధ్యాపకుడొకడు స్త్రీలు న్యాయశాస్త్రమునకేల వత్తురో యని నవ్వులపాలు చేసెను. వర్ణవివక్షాశాసనములకు జనులు పెట్టుకొన్న ‘జిమ్ క్రో’ అను పురుషనామమును మార్చి, ‘జేన్ క్రో’ యని ఆమె కల్పించిన పేరు ఈ అనుభవమున పుట్టినదే. ఇది పరిభాషానిర్మాణమునకు గొప్ప ఉదాహరణము: ఒక్క పదభేదముతో, అంతవరకు పేరులేని అన్యాయమునకు పేరు వచ్చినది.

భారతీయ పాఠకునికి ప్రత్యేకముగా ఆసక్తి గొల్పు విషయమొకటి కలదు. 1940లో వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ వద్ద బస్సులో వెనుక విరిగిన పీటమీద కూర్చుండ నిరాకరించి మర్రే తన స్నేహితురాలితో కారాగారమునకు పోయినది. ఆ కాలమున ఆమె గాంధీమహాత్ముని సత్యాగ్రహపద్ధతిని గూర్చి చదువుచు, ఆ కారాగారమునందే దానిని ప్రయోగింప యత్నించినది. కృష్ణలాల్ శ్రీధరాణి 1939లో ప్రకటించిన ఆంగ్లగ్రంథము ఆ రోజులలో అమెరికా యువజనులకు ఈ మార్గమున పాఠ్యగ్రంథము వంటిది.

ఇంత విపులమైన ఆత్మకథలోను ఒక మౌనము కలదు. తాను పురుషుడనను భావము మర్రేను యౌవనమునుండి వెంటాడినదనియు, దానికై వైద్యులనాశ్రయించెననియు ఆమె భద్రపరచిన పత్రములు తెలుపుచున్నవి. ఆత్మకథలో ఆ ప్రసక్తి లేదు. పత్రములను నాశనము చేయక గ్రంథాలయమునకిచ్చినదియు తానే, గ్రంథమున చెప్పనిదియు తానే. కనుక దీనిని లోపమనుటకంటె నిర్ణయమనుట యుక్తము. మర్రేను ఏ సర్వనామముతో పేర్కొనవలెనను చర్చ నేడు ఆంగ్లమున సాగుచున్నది. తెలుగులో ‘వారు’ అను గౌరవపదము ఈ చిక్కును కొంత తప్పించును. ఆత్మకథలో స్వీకరించిన రూపమును బట్టి నేను ‘ఆమె’ యనియే వ్రాయుచున్నాను.

జోరా నీల్ హర్స్‌టన్ 1942లో ప్రకటించిన ‘డస్ట్ ట్రాక్స్ ఆన్ ఎ రోడ్’ నుండి ప్రకాశకులు అమెరికా విదేశనీతిని విమర్శించిన భాగములను తొలగించిరి; అవి చాలకాలము తరువాతి ముద్రణములలో గాని తిరిగి చేరలేదు. ఆమె తన వయస్సును పదేండ్లు తగ్గించి చెప్పుకొన్నదని నిందించువారు, ఆ తగ్గింపువలననే ఆమెకు ఉచితవిద్యార్హత లభించినదను సంగతిని కూడ చెప్పవలెను. ఇక మాయా ఏంజెలూ 1969లో ప్రకటించిన తొలి సంపుటము మనలో అందరికంటె ఎక్కువగా పఠింపబడినది, కావున విస్తరింపను. ఎనిమిదేండ్ల బాలిక న్యాయస్థానమున తనపై జరిగిన అత్యాచారమును గూర్చి సాక్ష్యమిచ్చి, పిదప నేరస్థుడు చంపబడగా తన మాటయే వానిని చంపినదని తలచి కొన్నేండ్లు నోరు విప్పకుండుట అందలి ప్రధానఘట్టము. సాక్ష్యము చెప్పుటకు స్త్రీ చెల్లించు మూల్యమును ఇంత సూటిగా చూపిన పుటలు అరుదు.

అమెరికా వర్ణభేదమును మన కులవ్యవస్థను ఒకటిగా చూపుట శాస్త్రీయము కాదు. కాని పోలికను మొదట చూచినవారు మనవారే. జ్యోతిరావు ఫులే 1873లో తన ‘గులామ్‌గిరి’ని బానిసవిమోచనకై పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితము చేసిరి. మరాఠీలో ‘జిణ ఆముచ’ వ్రాసిన బేబీ కాంబ్లే తన వ్రాతను భర్తకు కనబడకుండ ఏండ్ల తరబడి దాచుకొన్నది. విల్లిస్ యింటి రాత్రులు గుర్తుకు రాకపోవు. తెలుగులో స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ పోరాటస్త్రీలు నోట చెప్పగా సేకరించినది. ఇట్టి గ్రంథములను పాఠ్యముగా నుంచునపుడు చెప్పినవారి మాట యెచట ముగిసి కూర్చినవారి మాట యెచట మొదలగునో విద్యార్థికి చూపవలెను. చైల్డ్ సూచనలను మనము లేఖలవలన ఎరుగుదుము. మన సంపాదకుల సూచనలును, మొదటి ప్రతులును, ధ్వనిముద్రణలును అట్లే భద్రపడవలెను.

అనువాదమున పదములు ఇంకొక చిక్కు. ఇతర భాషాప్రాంతమున తెలుగు బోధించు నాకు ఇది తరగతిలో తరచు ఎదురగు ప్రశ్న. జేకబ్స్ గ్రంథనామమున ‘దాసి’ యని వాడరాదు. రామదాసును, దాసోహమను మాటను ఎరిగిన తెలుగు చెవికి దాస్యమున భక్తి పరిమళము సోకును, క్రౌర్యము మరుగుపడును. తెలంగాణ గడీలలో వధువు వెంట పంపబడిన ఆడపాపల స్థితి హారియెట్ స్థితికి మిక్కిలి చేరువయే, బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ చిత్రము దానినే చూపినది. అయినను ‘ఆడపాప’ యన్నచో పాఠకుడు గడీని చూచునే గాని, మనుష్యులకు వెలకట్టి వ్రాసిన మరణశాసనమును చూడడు. ‘బానిస’ యే తగినది. యజమానురాలికి ‘దొరసాని’ చక్కగా నప్పును.

ముఖపత్రము విషయమున నా సూచన స్పష్టము. తెలుగు ముద్రణమున కర్త్రిగా హారియెట్ జేకబ్స్ పేరే ఉండవలెను. కథలో లిండా పేరును మార్పక యుంచవలెను. అది ఆమె కావలెనని వేసికొన్న ముసుగు. చైల్డ్ పీఠికను వదలివేయరాదు, మొదటను ఉంచరాదు. పోస్ట్, లోథర్‌ల ధ్రువీకరణములతో కలిపి దానిని అనుబంధమున చేర్చి, అవి 1861లో ఎందులకు అవసరమైనవో ఒక పుటలో వివరించిన చాలును.